రాజ్‌భవన్ రికార్డులు: కర్నూలు నుంచి హైటెక్ సిటీ దాకా

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు అమెరికా గవర్నర్ల పేర్లు కొత్త కాదు. క్లయింటు టెక్సాస్‌లో ఉంటాడు, అక్కాబావలు న్యూజెర్సీలో ఉంటారు, అక్కడి ఎన్నికల ముచ్చట ఇక్కడి క్యాంటీన్ దాకా వస్తుంది. మన గవర్నర్ల వరస మాత్రం పోటీ పరీక్షల పుస్తకాల్లో ఓ పట్టికగా ఉండిపోయింది. ఆ పట్టికను తేదీలతో కలిపి చదివితే మన రాష్ట్రం ఎప్పుడు నిలకడగా నడిచిందో, ఎప్పుడు తడబడిందో ఇట్టే తెలిసిపోతుంది.

అమెరికాలో గవర్నర్ అంటే ప్రజలు ఓటేసి ఎన్నుకున్న పాలకుడు. అక్కడి గవర్నర్ చేసే పని ఇక్కడ ముఖ్యమంత్రి చేస్తారు. మన రాజ్యాంగం ముసాయిదా దశలో ఉన్నప్పుడు గవర్నర్‌ను ఎన్నుకోవాలనే ఆలోచన కూడా నడిచింది. చివరకు 1949లో రాజ్యాంగ సభ నియామకానికే మొగ్గింది. 156వ అధికరణం ప్రకారం పదవీకాలం ఐదేళ్లు. అయితే రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంత వరకే ఆ కుర్చీ. మన రికార్డుల్లో ఇన్ని మలుపులు ఉండటానికి మూలం అదే.

మూడు చోట్ల మొదటివారు

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దానికి తొలి గవర్నర్ చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది. ఐసీఎస్ అధికారి అయిన ఆయన బ్రిటిష్ పాలన ముగియక ముందే, 1946లో, ఒడిశా గవర్నర్ అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి తూర్పు పంజాబ్ తొలి గవర్నర్‌గా దేశ విభజన నెత్తుటి రోజులను దగ్గరుండి చూశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు దానికీ ఆయనే తొలి గవర్నర్. తూర్పు పంజాబ్, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్: మూడు రాష్ట్రాలకు మొదటి గవర్నర్ ఒకే వ్యక్తి.

ఆయనకు కర్నూలులో పని తేలిగ్గా సాగలేదు. రాష్ట్రం పుట్టిన పదమూడు నెలలకే, 1954 నవంబరు 6న, ప్రకాశం పంతులు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మద్యనిషేధం మీద రేగిన వివాదం అందుకు కారణం. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యే వరకు, నాలుగున్నర నెలల పాటు పాలన గవర్నర్ చేతిలోనే సాగింది. గవర్నర్ పదవి అలంకారమేనని అనుకునేవారికి తెలుగు రాష్ట్రం తొలి నాళ్లలోనే వేరే సంగతి చూపించింది.

రాజు, రాజప్రముఖ్

అదే కాలంలో హైదరాబాద్ రాష్ట్రం వేరు. ఇక్కడ 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగియగానే మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా పగ్గాలు చేపట్టారు. 1950 జనవరి 26 నుంచి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్ అయ్యారు. అంటే గవర్నర్‌తో సమానమైన హోదా. అంతకు కొద్ది ఏళ్ల ముందు వరకు ఏ ప్రాంతాన్ని వంశపారంపర్యంగా ఏలారో, అదే ప్రాంతానికి ఆయన రాజ్యాంగబద్ధ అధిపతి. 1952 మార్చి 6న పదవి చేపట్టిన బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం, అంటే హైదరాబాద్ రాష్ట్రంలో ప్రజలెన్నుకున్న తొలి ప్రభుత్వం, నిజాం రాజప్రముఖ్‌గా ఉండగానే నడిచింది. 1956 అక్టోబరు 31తో రాజప్రముఖ్ పదవి ముగిసింది. మర్నాడు త్రివేది హైదరాబాద్ గవర్నర్ నివాసంలో ఉన్నారు.

ఇద్దరు సైన్యాధిపతులు

భారత సైన్యానికి అధిపతులైన ఇద్దరు హైదరాబాద్‌లో గవర్నర్ అనే హోదాలో పనిచేశారు. జె.ఎన్. చౌధురి ఇక్కడ మిలిటరీ గవర్నర్‌గా ఉండి, ఆ తరువాత సైన్యాధిపతి అయ్యారు. జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్‌ది తిరుగు వరస. 1955 నుంచి 1957 దాకా సైన్యాధిపతిగా ఉండి, పదవీ విరమణ తరువాత హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. అస్సాం గవర్నర్‌గా చేసి, 1962 సెప్టెంబరు 8న ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయ్యారు. రెండు నెలలు తిరక్కముందే చైనా యుద్ధం. ఆ నవంబరులో సైన్యం పగ్గాలు అందుకున్నది చౌధురి. హైదరాబాద్ పాత మిలిటరీ గవర్నర్ ఢిల్లీలో సైన్యాధిపతి, పాత సైన్యాధిపతి హైదరాబాద్‌లో గవర్నర్!

ఐదేళ్లు నిండినవారు ఆరుగురే

1956 నవంబరు నుంచి 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యే దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 22 మంది గవర్నర్లు. సగటు తీస్తే ఒక్కొక్కరికి రెండేళ్ల ఏడు నెలలు. ఐదేళ్లు పూర్తి చేసినవారు ఆరుగురు: భీమ్‌సేన్ సచార్, ఖండూభాయ్ దేశాయ్, కె.సి. అబ్రహాం, కృష్ణకాంత్, సి. రంగరాజన్, విభజన తరువాతి కాలాన్నీ కలుపుకుంటే ఇ.ఎస్.ఎల్. నరసింహన్.

వీరిలో అబ్రహాం లెక్క అందరికన్నా కచ్చితం. 1978 ఆగస్టు 15న బాధ్యతలు తీసుకుని 1983 ఆగస్టు 15న దిగారు. ఖండూభాయ్ దేశాయ్ 1968 ఏప్రిల్ నుంచి 1975 జనవరి దాకా ఆరేళ్ల తొమ్మిది నెలలు ఉన్నారు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరి 11 నుంచి డిసెంబరు 10 దాకా రాష్ట్రపతి పాలన, అన్నీ ఆయన కాలంలోనే. అహ్మదాబాద్ మిల్లు కార్మికుల మధ్య ఎదిగిన కార్మిక నాయకుడాయన. రాష్ట్రం రెండు వైపులా రగులుతున్నప్పుడు గవర్నర్‌ను మార్చకపోవడం ఆ ఏళ్లలో కనిపించే ఒకే ఒక నిలకడ.

పదహారు నెలల్లో నలుగురు

దేశాయ్ వెళ్లాక వరస ఒక్కసారిగా తిరగబడింది. 1976 జనవరి 10 నుంచి 1977 మే 5 లోపల రాజ్‌భవన్‌లో నలుగురు బాధ్యతలు చేపట్టారు: మోహన్‌లాల్ సుఖాడియా, ఆర్.డి. భండారే, జస్టిస్ బి.జె. దివాన్, శారదా ముఖర్జీ. ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు, తరువాత ఢిల్లీలో ప్రభుత్వం మారిన రోజులు. ఢిల్లీలో గాలి ఎటు మళ్లితే రాజ్‌భవన్‌లో పేరు అటు మారింది.

వీరిలో సుఖాడియా పేరిట మరో విశేషం ఉంది. రాజస్థాన్‌ను పదిహేడేళ్ల పాటు ముఖ్యమంత్రిగా ఏలిన ఆయన, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మూడింటికీ వరసగా గవర్నర్ అయ్యారు. పక్కపక్కనున్న మూడు దక్షిణాది రాష్ట్రాలు, ఒకదాని తరువాత ఒకటి. మధ్యలోని మన రాష్ట్రంలో ఉన్నది ఐదు నెలల చిల్లర మాత్రమే.

చోట్లు మార్చుకున్న న్యాయమూర్తులు

అతి తక్కువ కాలం ఉన్నవారు జస్టిస్ దివాన్: 1977 ఫిబ్రవరి 17 నుంచి మే 5 దాకా 77 రోజులు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉంటూ తాత్కాలికంగా గవర్నర్ బాధ్యత చూశారు. ఆయనకు ముందు మరో ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎస్. ఓబుల్ రెడ్డి, 1975 జనవరి 25 నుంచి ఏడాదికి కాస్త తక్కువగా అదే బాధ్యత నిర్వహించారు. ఎమర్జెన్సీలో జరిగిన న్యాయమూర్తుల బదిలీల్లో ఈ ఇద్దరివీ ఎదురుబొదురు ప్రయాణాలు. ఓబుల్ రెడ్డి గుజరాత్ ప్రధాన న్యాయమూర్తిగా వెళితే, అక్కడి నుంచి దివాన్ ఇక్కడికి వచ్చారు. 1977లో ఇద్దరూ ఎవరి చోటికి వారు తిరిగి వెళ్లారు. ఇలా చోట్లు మార్చుకున్న ఇద్దరు న్యాయమూర్తులూ ఒకే రాష్ట్రానికి గవర్నర్ బాధ్యత చూడటం మన వరసలోనే కనిపించే అరుదైన ముడి.

ఇరవై ఏడు నెలలు, నాలుగు ప్రమాణాలు

గవర్నర్ మారకుండా ముఖ్యమంత్రులు మారిన కాలమూ ఉంది. 1980 అక్టోబరులో టంగుటూరి అంజయ్య, 1982 ఫిబ్రవరిలో భవనం వెంకట్రామిరెడ్డి, అదే ఏడాది సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి, 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు. ఇరవై ఏడు నెలల్లో నలుగురు ముఖ్యమంత్రులు పదవి చేపట్టారు. నలుగురికీ గవర్నర్ కె.సి. అబ్రహామే. మొదటి ముగ్గురి పేర్లూ ఢిల్లీలో ఖాయమైనవి. నాలుగో పేరును ఓటర్లు ఖాయం చేశారు. ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం లాల్‌బహదూర్ స్టేడియంలో జనసముద్రం ముందు జరిగింది.

నెల రోజుల ముఖ్యమంత్రి, ఏడాది గవర్నర్

అబ్రహాం తరువాత వచ్చిన రామ్‌లాల్ పేరు తెలుగువారు మరిచిపోలేరు. అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను 1984 ఆగస్టు 16న పదవి నుంచి తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. తనకు మెజారిటీ ఉందని చూపించడానికి ఎన్టీఆర్ ఎమ్మెల్యేలతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబడ్డారు. ఆగస్టు 29న రామ్‌లాల్ స్థానంలోకి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. నాదెండ్ల పాలన 31 రోజులు. రామ్‌లాల్ గవర్నర్‌గిరీ ఏడాది పద్నాలుగు రోజులు. గవర్నర్ సంతకంతో పోయిన ప్రభుత్వాన్ని జనం రోడ్డెక్కి తిరిగి తెచ్చుకున్న నెల అది. మెజారిటీని తేల్చాల్సిన చోటు శాసనసభేనన్న పాఠాన్ని దేశానికి చాటిచెప్పిన ఘట్టాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఇక్కడి నుంచి ఉపరాష్ట్రపతి భవనానికి

ఆ గడ్డు రోజులను చక్కదిద్దిన శంకర్ దయాళ్ శర్మ 1987లో ఉపరాష్ట్రపతి, 1992లో రాష్ట్రపతి అయ్యారు. కృష్ణకాంత్ 1990 ఫిబ్రవరి నుంచి 1997 ఆగస్టు దాకా ఏడున్నరేళ్లు గవర్నర్‌గా ఉండి, నేరుగా ఉపరాష్ట్రపతి పదవికి వెళ్లారు. ఎన్టీఆర్ పదవి కోల్పోయిన 1995 ఆగస్టు సంక్షోభం, సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడి తొలి ప్రమాణం ఆయన కాలంలోనివే. 2024 మార్చి నుంచి జులై దాకా తెలంగాణకు అదనపు బాధ్యతలతో గవర్నర్‌గా ఉన్న సి.పి. రాధాకృష్ణన్ 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి అయ్యారు. హైదరాబాద్ రాజ్‌భవన్‌లో ఉండి వెళ్లి ఆ పదవిని అందుకున్నవారు ఈ ముగ్గురు.

మన నుంచి వెళ్లినవారు

ఇచ్చిపుచ్చుకోవడంలో మనమూ వెనకబడలేదు. స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నర్ సరోజినీ నాయుడు పుట్టింది హైదరాబాద్‌లో. 1947 ఆగస్టు 15 నుంచి ఉత్తరప్రదేశ్‌కు, అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్‌కు, గవర్నర్‌గా ఉండి 1949 మార్చిలో పదవిలోనే కన్నుమూశారు. ఆమె కుమార్తె పద్మజా నాయుడు 1956 నుంచి పదేళ్లకు పైగా పశ్చిమబెంగాల్ గవర్నర్. తల్లీకూతుళ్లిద్దరూ గవర్నర్లు. అబిడ్స్‌లోని వారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలై, తరువాత గచ్చిబౌలికి చేరింది. ఐటీ కారిడార్‌ను ఆనుకున్న ఆ ప్రాంగణంలో కళల విభాగానికి సరోజినీ నాయుడి పేరే ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి చీఫ్ రెక్టార్ హోదా రాష్ట్ర గవర్నర్‌ది. మన రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్ మాత్రం 1977లో వచ్చిన శారదా ముఖర్జీ. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ సతీమణి ఆమె.

1960 జులై 1న జరిగిన మార్పిడి ఇంకా ముచ్చటైనది. ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న వి.వి. గిరి కేరళకు, కేరళ గవర్నర్‌గా ఉన్న బూర్గుల రామకృష్ణారావు ఉత్తరప్రదేశ్‌కు మారారు. దేశానికి ఈ కొసన ఒక తెలుగువారు, ఆ కొసన ఒక తెలుగువారు. ఉత్తరప్రదేశ్‌కు ఆ తరువాత బెజవాడ గోపాలరెడ్డి, మర్రి చెన్నారెడ్డి కూడా గవర్నర్లయ్యారు.

చెన్నారెడ్డి ఉత్తరప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్, తమిళనాడు, నాలుగు రాష్ట్రాలకు గవర్నర్. 1996 డిసెంబరులో తమిళనాడు గవర్నర్‌గా ఉండగానే మరణించారు. ఆ ఖాళీలో కొద్ది వారాలు అదనపు బాధ్యతలు చూసింది ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కృష్ణకాంత్. అంతకు దాదాపు ఏడేళ్ల ముందు, 1990లో, కృష్ణకాంత్ ఇక్కడికి గవర్నర్‌గా వచ్చేసరికి ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది ఆ చెన్నారెడ్డే.

ముఖ్యమంత్రులుగా చేసి వచ్చిన గవర్నర్లు

మన గవర్నర్లలో ఎనిమిది మంది అంతకు ముందు వేరే చోట ముఖ్యమంత్రులు: సచార్, పట్టం థాను పిళ్లై, సుఖాడియా, రామ్‌లాల్, శంకర్ దయాళ్ శర్మ, సూర్జిత్ సింగ్ బర్నాలా, సుశీల్ కుమార్ షిండే, ఎన్.డి. తివారీ. శర్మ పాలించిన భోపాల్ రాష్ట్రం తరువాత మధ్యప్రదేశ్‌లో కలిసిపోయింది. తివారీ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ రెండింటికీ ముఖ్యమంత్రిగా చేశారు. దీనికి అమెరికాలో దీటైన రికార్డు శామ్ హ్యూస్టన్‌ది. టెన్నెసీకి 1827లో, టెక్సాస్‌కు 1859లో గవర్నర్‌గా ఎన్నికయ్యారు. రెండు రాష్ట్రాల ఓటర్లు గవర్నర్‌గా గెలిపించిన ఒకే ఒక్కడు ఆయన.

అమెరికాలోనూ మొదట్లో నియామకాల పద్ధతి ఉండేది. ఒక ప్రాంతం పూర్తి రాష్ట్రం కాక ముందు దాని గవర్నర్‌ను అధ్యక్షుడే నియమించేవాడు. మిషిగన్‌లో స్టీవెన్స్ మేసన్ అనే యువకుడు 19 ఏళ్లకే అక్కడి పాలనా కార్యదర్శిగా నియమితుడై, 22 ఏళ్లకు తాత్కాలిక గవర్నర్ అయ్యాడు. 1835లో 24 ఏళ్ల వయసులో ఎన్నికైన గవర్నర్‌గా పదవి చేపట్టాడు. మన వైపు చిన్న వయసు విశేషం దామోదరం సంజీవయ్యది. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 38 ఏళ్లు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి కూడా ఆయనే.

రిజర్వు బ్యాంకు గవర్నర్, సైబర్ టవర్స్

సి. రంగరాజన్ 1997 నవంబరు 21 వరకు రిజర్వు బ్యాంకు గవర్నర్. నవంబరు 24న ఆంధ్రప్రదేశ్ గవర్నర్. మూడు రోజుల్లో ఒక గవర్నర్ పదవి నుంచి ఇంకో గవర్నర్ పదవికి వచ్చారు. మరుసటి ఏడాది నవంబరు 22న మాదాపూర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆర్థిక సంస్కరణల తొలి ఏళ్లలో రూపాయిని కాపాడిన ఆర్థికవేత్త రాజ్‌భవన్‌లో ఉండగా, ఆ సంస్కరణలు తెరిచిన దారిలో హైటెక్ సిటీ మొలకెత్తింది. మధ్యలో ఆయన ఒడిశాకు, 2001-02లో తమిళనాడుకు కూడా అదనపు బాధ్యతలు చూశారు. చెన్నైలో ఒ. పన్నీర్‌సెల్వం తొలిసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది అప్పుడే.

సైబరాబాద్‌కు వచ్చిన మాజీ అమెరికా గవర్నర్లు

2000 మార్చి 24న హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించిన బిల్ క్లింటన్ ఒకప్పుడు ఆర్కన్సా గవర్నర్. 32 ఏళ్లకే ఆ పదవికి ఎన్నికై, తరువాతి ఎన్నికలో ఓడి, మళ్లీ గెలిచి పదేళ్లు ఏలారు. 2006 మార్చి 3న గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు వచ్చిన జార్జి బుష్ టెక్సాస్ మాజీ గవర్నర్. ఆరేళ్ల తేడాతో ఇద్దరు మాజీ గవర్నర్లు అమెరికా అధ్యక్షుల హోదాలో ఒకే కారిడార్‌కు వచ్చారు.

ఒక గవర్నర్, రెండు రాష్ట్రాలు, ఒక నగరం

అన్నిటికన్నా పొడవైన రికార్డు నరసింహన్‌ది. ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ అధిపతి అయిన ఆయన 2009 డిసెంబరు 28న, తెలంగాణ ఉద్యమం ఉరకలేస్తున్న రోజుల్లో, ఇక్కడి బాధ్యతలు అందుకున్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ గవర్నర్‌గా వైదొలిగేసరికి తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు దాటాయి. ఢిల్లీలో ప్రభుత్వం మారినా ఆయన మారలేదు. 2014 జూన్ 2న హైదరాబాద్‌లో కేసీఆర్ చేత, జూన్ 8న గుంటూరు దగ్గర చంద్రబాబు చేత, వారం తిరగకుండా రెండు రాష్ట్రాల తొలి ముఖ్యమంత్రుల చేత ప్రమాణం చేయించారు. 2019 జులై దాకా రెండింటికీ ఆయనే గవర్నర్.

హైటెక్ సిటీ వారికి ఇక్కడ దగ్గరి సంబంధం ఉంది. విభజన చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ప్రజల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి భద్రత గవర్నర్ ప్రత్యేక బాధ్యతగా ఉండేది. ఉమ్మడి రాజధాని అంటే అప్పటి జీహెచ్ఎంసీ పరిధి అంతా. అందులో శేరిలింగంపల్లి, మాదాపూర్, గచ్చిబౌలి ఉండేవి. 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు తీరేదాకా, పదేళ్ల పాటు ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ బతికిన ప్రతి ఒక్కరి భద్రతకూ చట్టం గవర్నర్‌ను బాధ్యుణ్ని చేసింది. 2015 నవంబరు 5న టీ-హబ్ ప్రారంభానికి రతన్ టాటాతో పాటు హాజరైందీ, 2019 మార్చి 20న ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు అమీర్‌పేట - హైటెక్ సిటీ మెట్రోకు జెండా ఊపిందీ నరసింహనే.

పొటోమాక్ నదికి అటూ ఇటూ

చివరి విశేషం అమెరికాలోనే ఉంది. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా 2023 జనవరి 18న భగవద్గీత మీద ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో వెళ్లి, సివిల్ ఇంజినీర్‌గా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చారు. నదికి అవతలున్న వర్జీనియాలో 2025 నవంబరులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ కూడా 1964లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఇంగ్లిష్ అధ్యాపకురాలిగా పనిచేసి సెనేటర్ అయ్యారు. ఒకే ఏడాది, ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే పదవికి ఎన్నికయ్యారు. గవర్నర్ కుర్చీ అర్ధంతరంగా ఖాళీ అయితే దాన్ని అందుకునే వరసలో మొదటి పేరు లెఫ్టినెంట్ గవర్నర్‌దే.

ఈ రికార్డులన్నీ ఒక్క చోట పెట్టి చూస్తే తేలేది ఇది: గవర్నర్ ఎంతకాలం ఉన్నారన్న లెక్క ఢిల్లీ చేతిలో ఉంటుంది, ఎలా గుర్తుంటారన్న లెక్క మాత్రం సంక్షోభం వచ్చిన రోజు వారు పెట్టిన సంతకం చేతిలో ఉంటుంది. శంకర్ దయాళ్ శర్మ ఉన్నది పదిహేను నెలలే అయినా ఆయన పేరు గౌరవంగా నిలిచింది అందుకే. అక్కడి గవర్నర్ల మీద మనకున్న ఆసక్తిలో కొంత ఇక్కడి గవర్నర్ల మీద కూడా పెడితే, ఆ సంతకం ఎప్పుడు ఎవరి కోసం పడుతున్నదో గమనించే పౌరులుగా ఉండగలుగుతాం. 1984లో మన ముందు తరం చేసి చూపించింది అదే.